మలుపు దగ్గర రెండో గేరు

ఆ టైలరు కొట్లో గోడ గడియారం ఉంది గానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. అది తనకు తోచినప్పుడు నడిచేది, అలసటగా ఉన్నప్పుడు ఆగేది. కొట్టుకి అసలు గడియారం రోడ్డు మీద వచ్చేది. పొద్దున ఎనిమిదీ పది అయ్యేసరికి ముదురు నీలం రంగు కారొకటి పై వీధి నుంచి దిగి వచ్చి, కొట్టు ముందున్న మలుపు దగ్గర మూడో గేరు నుంచి రెండో గేరుకి మారేది. ఆ మారడంలో ఒక శబ్దం ఉండేది. ‘హుఁమ్’ అని, అంతే. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు. ఆ తర్వాత కారు ఒక్క కుదుపు లేకుండా, ఇస్త్రీ పెట్టె తడిగుడ్డ మీద జారినట్టు మలుపు తిరిగి వెళ్ళిపోయేది.

పందొమ్మిదేళ్ళుగా ఆ శబ్దం రాగానే టైలరు మిషను ఆపేవాడు. సూది పైకెత్తి, చెవి రోడ్డుకి అప్పగించేవాడు. కొలతలిస్తున్న వాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలబడిపోయేవారు. ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు యూనిఫారం కుట్టించుకోవడానికి వచ్చి, ఛాతీ కొలత కోసం రెండు చేతులూ ఎత్తిన క్షణానికే కారు వచ్చింది. టేపు పట్టుకుని టైలరు అలాగే కళ్ళు మూసుకున్నాడు. దారినపోయేవాళ్ళు మాత్రం పట్టపగలు టైలరు పోలీసుని దోచుకుంటున్నాడని రెండు వీధుల దాకా చెప్పుకున్నారు.

కొట్లో రెండో మిషను అతని భార్యది. కాజాలు, గుండీలు, అంచు మడతలు ఆవిడ వంతు. రెండూ కాలితో తొక్కే మిషన్లే. సెలవులకి మేనమామ వస్తాడని గుమ్మంలో కాచుక్కూర్చునే పిల్లాడిలా మొగుడు ఆ కారు కోసం కాచుకోవడం చూసి, ఆవిడ దానికి మేనమామ అనే పేరు పెట్టింది.

“మేనమామ వెళ్ళాడా? ఇక ఆ జేబు కుడతారా, ఆయన మళ్ళీ వచ్చేదాకా తెరిచే ఉంచుతారా?” అనేది.

నిజానికి ఆ కారు చూడ్డానికి ఎంతో సంసారపక్షంగా ఉండేది. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ, ఎక్కడా తళుకూ బెళుకూ లేదు. రంగు కూడా మంచి సూటు గుడ్డలో మాత్రమే దొరికే నీలం. కానీ టైలరు కంటికి మనిషిని చూస్తే బట్ట కింద ఏముందో తెలుస్తుంది. వదులు చొక్కా వేసుకున్న పహిల్వాన్ని అతను భుజం కుట్టు చూసి పట్టేస్తాడు. ఆ కారూ అంతే. మలుపు దాటాక దాని వెనక చక్రాలు రోడ్డుని పట్టుకునే తీరులోనే తెలిసిపోయేది, లోపల ఎవరో కండలవాడు మర్యాదగా కూర్చుని ఉన్నాడని.

అలాంటి కారు ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. మూడు వారాలు గడిచాయి. టైలరు చేతులు దారి తప్పాయి. ఒకాయన ప్యాంటుకి జేబులు బయటివైపు కుట్టాడు. హెడ్మాస్టరు గారి చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాడు. ఆయన మొహమాటస్తుడు. తొడుక్కుని, అద్దంలో చాలాసేపు చూసుకుని, “కొంచెం బిగుతుగా ఉన్నట్టుందయ్యా” అన్నాడు.

“ఇలాగైతే ఊళ్ళో జనం బట్టల్లేకుండా తిరగాలి. వెళ్ళి మేనమామకి ఏమైందో కనుక్కుని రండి” అంది భార్య.

పై వీధిలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వీధికంటే నడుమెత్తు పల్లంలో ఉన్న వాకిలి, వీధిలోకి ఎక్కే ఏటవాలు దారి, గేటుకి ఒక అట్ట. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ‘కారు అమ్మబడును. కాళ్ళున్నవారే రావలెను.’

కారు వాకిట్లోనే ఉంది. పక్కన కుర్చీలో, ఎడం మోకాలికి కట్టుతో, కొమ్ముల్లాంటి మీసాలాయన కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు డ్రైవింగు స్కూలు నడిపిన మాస్టారు. ఊళ్ళో సగం మంది ఆయన చేత తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. మోకాలికి ఆపరేషనైంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కూతురు, ఇక క్లచ్చి తొక్కితే ఇంకో మోకాలికి కూడా కట్టు నేనే కడతానని చెప్పేసింది.

“ఇప్పటికి పదకొండు మంది వచ్చారు” అన్నాడు మాస్టారు. “ఒకడు గేరు వేస్తే పళ్ళు నూరినట్టు వినబడింది. ఒకాయన సీట్లో కూచుని, మూడో పెడలు దేనికండీ అన్నాడు. అలా అడిగినవాణ్ణి ఏమనాలి? మంచినీళ్ళిచ్చి పంపించాను.”

“పదకొండు మందినీ పంపించేశారు కదా, ఇక ఆదివారం బ్రోకరొస్తాడు” అంది కూతురు తలుపు దగ్గర నుంచే. “మాటిచ్చేశాను నాన్నా. వాకిట్లో దాన్ని చూస్తూ కూచుంటే మీరు ఏదో ఒక రోజు ఎక్కేస్తారు.”

“ఆ బ్రోకరు ఎవరికిస్తాడో చెప్పమ్మా ఈయనకి.”

“ఎవరికో. పడవలాయనకట. ఇంజను విప్పి పడవకి పెట్టుకుంటాట్ట.”

“పడవకా!” అన్నాడు టైలరు. పెళ్ళికొడుకు కోటు చింపి మసిగుడ్డలు చేస్తామన్నట్టు వినబడింది అతనికి. పందొమ్మిదేళ్ళ ఆ ‘హుఁమ్’ నీళ్ళలో మునిగిపోతున్నట్టనిపించింది. కొట్టు పెద్దది చేసి, రెండు మిషన్లకీ కరెంటు మోటార్లు పెట్టిద్దామని దాచిన డబ్బు గుర్తొచ్చింది. “నేను కొంటాను మాస్టారూ” అనేశాడు.

“నడిపావా ఎప్పుడైనా?”

“లైసెన్సుంది. మా తోడల్లుడి చిన్న కారు అప్పుడప్పుడూ...”

“చిన్న కారా? అది గేదె మీద కూచోవడం. ఇది వేరు. ఒకసారి ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఆరో గేరు వేశాను. కాసేపటికి పక్కకి చూద్దును గదా, మా నీడ లేదు. పెట్రోలు బంకు దగ్గర ఆపి, ఒక టీ తాగి, రెండో టీ చెప్పేలోపు ఆయాసపడుతూ వచ్చింది.”

“దానిక్కూడా ఒక టీ చెప్పాల్సింది మాస్టారూ, పాపం” అన్నాడు టైలరు.

మాస్టారు మీసాలు కదిలాయి. ఆ పన్నెండోవాడు ఆయనకి నచ్చాడు. అయినా నియమం నియమమే అన్నాడు. శనివారం పొద్దున రావాలి. ఇక్కణ్ణించి కొట్టు ముందు మలుపు దాకా వెళ్ళాలి, రెండో గేరుకి దించి తిప్పాలి, తీసుకురావాలి. బండి తల ఊపకూడదు. మూడుసార్లు ఇంజను ఆగిపోతే దిగి నడిచి వెళ్ళిపోవాలి. ఆదివారం పడవలాయన పండగ చేసుకుంటాడు.

శనివారానికి టైలరు కొత్త బూట్లు కొన్నాడు. అంత కారు ఎక్కుతూ పాత చెప్పులేంటని. అడుగు మందంగా, తోలు పెటపెటలాడుతూ ఉన్న బూట్లు. భార్య కూడా బయల్దేరింది.

“నువ్వెందుకే?”

“మేనమామని ఇంటికి తెస్తున్నారో, నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నారో చూడొద్దా?” అని, కుట్టాల్సిన గుండీల డబ్బాతో పై వీధి దాకా వచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది.

మాస్టారు పక్కన కూర్చుని, కట్టుకాలు చాపుకున్నాడు. టైలరు స్టీరింగు ముందు కూర్చుని ఒక్క నిమిషం ఏమీ ముట్టుకోలేదు. లోపలంతా పాతదే గానీ ఎక్కడా వదులు లేదు. సీటు నడుముని రెండు వైపులా పట్టుకుంది, కొలతలు తీసుకుని కుట్టినట్టే. గేరు రాడ్డు పిడి మీద అంకెలున్నాయి. రెండూ మూడూ అరిగి నున్నగా అయిపోయాయి. ఆరు మాత్రం నిన్న అచ్చు వేసినట్టుంది. ఊళ్ళో రోడ్లు దాన్ని ఎప్పుడూ అడిగి ఉండవు. తాళం తిప్పగానే ఇంజను ఒక్కసారి గట్టిగా పలికి, అంతలోనే సర్దుకుని, నిండు సభలో మాట్లాడబోయేవాడిలా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ నిలబడింది.

క్లచ్చి తొక్కాడు. నిండు ట్రంకుపెట్టె మూత తొక్కి మూసినంత బరువు. ఒకటో గేరు చటుక్కున పడింది. కాలు తీశాడు. కారు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

మాస్టారు ఒక వేలు ఎత్తి చూపించాడు.

రెండోసారి టైలరుకి చెమట పట్టింది. కంగారు పుడితే మనిషి పాదాలు తమకి తెలిసిన పనే చేస్తాయి. అతని పాదాలకి నలభై ఏళ్ళుగా తెలిసింది ఒకటే. రెండూ కలిసి వేళ్ళూ మడమా, వేళ్ళూ మడమా అని తొక్కడం మొదలుపెట్టాయి. క్లచ్చి పడింది, బ్రేకు పడింది, ఎక్సిలేటరు పడింది, మళ్ళీ క్లచ్చి. ఆ నీలం కారు, పందొమ్మిదేళ్ళు మర్యాదగా బతికిన కారు, వాకిట్లో కప్పలా నాలుగు గెంతులు గెంతి ఏటవాలు మొదట్లో ఆగిపోయింది. వెనక గుండీల డబ్బా ఎగిరిపడి కారంతా గుండీల వాన కురిసింది.

“ముప్పై ఏళ్ళలో” అన్నాడు మాస్టారు, మీసంలోంచి ఒక గుండీ తీసుకుంటూ, “కారుతో చొక్కా కుట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానయ్యా.” రెండు వేళ్ళు ఎత్తాడు.

ఇక మిగిలింది ఒక్కటే. ముందు ఏటవాలు, దాని పైన వీధి, రేపు పొద్దున బ్రోకరు. టైలరు మళ్ళీ తాళం మీద చెయ్యి వేశాడు.

“ఏమండీ” అంది వెనక నుంచి భార్య. “ఆ బూట్లు విప్పండి.”

“ఊరుకోవే, పెద్దాయన ముందు.”

“పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నాను. కాళ్ళకి చెప్పులుండగా మీరు ఒక్క కుట్టయినా వేశారా? ఒట్టి పాదం ఆనకపోతే మీకు గుడ్డ ఎక్కడుందో తెలీదు. విప్పండి ముందు.”

టైలరు భయపడుతూ మాస్టారు వంక చూశాడు.

“నన్ను చూస్తావేం? కాళ్ళున్నవాళ్ళని రమ్మన్నాను గానీ, బూట్లున్నవాళ్ళని రమ్మనలేదు.”

బూట్లు వెనక సీటు కిందికి వెళ్ళాయి. ఒట్టి పాదం పెడలు మీద ఆనింది. ఇనుము చల్లగా తగిలింది. ఈసారి క్లచ్చి వదలడం మొదలుపెట్టగానే, సగం దారిలో ఎక్కడో, పాదం కింద సన్నటి వణుకు వచ్చింది. ఇది టైలరుకి తెలుసు. సూది మొన గుడ్డని అప్పుడే తాకి, ఇంకా దిగకుండా ఉన్న క్షణం ఇదే. అక్కడ తొందరపడితే గుడ్డ ముడుచుకుంటుంది, ఆలోచిస్తూ కూర్చుంటే దారం చిక్కుపడుతుంది. ఆ క్షణంలో ఏం చెయ్యాలో అతని పాదానికి లక్షసార్లు తెలుసు.

కారు ఏటవాలు ఎక్కింది. ఎక్కినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. వీధే కిందికి దిగి వచ్చిందేమో అనిపించింది. రెండో గేరు వెన్నలోకి గరిటె దిగినట్టు దిగింది. కాస్త ఎక్సిలేటరు తొక్కేసరికి వెనక నుంచి ఎవరో బలమైనవాడు నడుం మీద చెయ్యి వేసి ముందుకి నడిపించినట్టయింది. ఇంకా ఎంతో బలం దాని దగ్గర ఉందని, అడిగితే ఇస్తుందని, అడక్కపోయినా ఏమీ అనుకోదని తెలుస్తూనే ఉంది. మూడో గేరు. ఇంజను గొంతు కాస్త కిందికి దిగింది. ముందు మలుపు కనబడుతోంది. మలుపులో తన కొట్టు, పక్కన మంగలి షాపు, గుమ్మంలో మంగలి.

మాస్టారు నోరు తెరిచాడు, ఏం చెయ్యాలో చెబుదామని. చెప్పే అవసరం రాలేదు. టైలరు ఎడంకాలు క్లచ్చి మీదికి వెళ్ళింది. కుడిపాదం వేళ్ళు బ్రేకుని పట్టుకునే ఉన్నాయి. అదే పాదం మడమ పక్కకి ఒరిగి, ఎక్సిలేటరుని ఒక్క తట్టు తట్టింది. చెయ్యి మూడు నుంచి రెండుకి లాగింది.

‘హుఁమ్.’

కారు తల ఊపకుండా మలుపు తిరిగింది. గుండీల్లో ఒక్కటి కూడా దొర్లలేదు.

మాస్టారు అడిగాడు, “ఎవరు నేర్పారు నీకు?”

“ఏది మాస్టారూ?”

“వేళ్ళు బ్రేకు మీద ఉండగానే మడమతో ఇంజనుని లేపడం. ఆ పని పట్టుబడటానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నేను నేర్పినవాళ్ళలో ఇద్దరికొచ్చింది. ఒకడు విమానం నడపడానికి వెళ్ళిపోయాడు, రెండోవాడు నాకంటే బాగా చేస్తుంటే కుళ్ళుకుని నేనే మెచ్చుకోలేదు.”

“తొక్కుడు మిషను మాస్టారూ. ముందు వేళ్ళు, వెంటనే మడమ. కలిసి రాకపోతే దారం తెగుతుంది. ఇందాక వాకిట్లో చేసిందీ ఇదేనండీ, అప్పుడు చోటు కాని చోట చేశాను.”

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. “మళ్ళీ తిప్పు” అన్నాడు.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ. ఆరుసార్లు ఆ వీధి చుట్టి వచ్చారు. ప్రతిసారీ మలుపులో ‘హుఁమ్’. నాలుగో చుట్టుకి మంగలి, సబ్బు నురగ కుంచెతో రోడ్డు మీదికొచ్చి అరిచాడు, “ఏం బావా, దారి తప్పావా?”

ఆ సాయంత్రమే మాస్టారి కూతురు బ్రోకరుకి ఫోను చేసి, పడవలాయన్ని తెడ్డు వేసుకోమని చెప్పింది. మాస్టారు తాళాలు ఇస్తూ, పొద్దున్నే ఇంజనుని తొందరపెట్టొద్దన్నాడు. “అప్పుడే నిద్రలేచిన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడు. వేడెక్కాక ఏమడిగినా చేస్తుంది.” ఒక్క షరతు పెట్టాడు. రోజూ ఎనిమిదీ పదికి ఆ మలుపులో రెండో గేరు పడాలి. తను కొట్టు దాకా నడిచి వచ్చి వింటాడు. మోకాలికి నడక మంచిదని మూడు వారాలుగా మొత్తుకుంటున్న కూతురు, నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళిపోయింది.

కారు కొనడం ఒక ఎత్తు, దానితో కాపురం ఒక ఎత్తు. ఊళ్ళో ఏ కారుకీ లేని తొడుగు దానికి వచ్చింది. టైలరు స్వయంగా కొలతలు తీసుకుని, అద్దాలకి చేతులు పెట్టి, ముందు కాలరు పెట్టి కుట్టాడు. రోజూ ఆ క్లచ్చి తొక్కగా తొక్కగా ఎడం పిక్క బలిసి, ప్యాంటు ఎడంకాలు మాత్రం ఒక అంగుళం వదులు చేసుకోవాల్సి వచ్చింది. ఒక సెలవురోజు భార్యని ఎక్కించుకుని ఊరి బయట పెద్ద రోడ్డెక్కాడు. నాలుగు, అయిదు దాటి, పిడి మీద కొత్తగా మెరుస్తున్న ఆరులోకి రాడ్డు తోశాడు. ఇంజను అరవడం మానేసి పాడటం మొదలుపెట్టింది. చెట్లు ఒకదాని వెనక ఒకటి కాకుండా అన్నీ ఒకటేసారి వెళ్ళిపోయాయి. కొట్టు పెట్టినప్పట్నుంచీ ఎన్నడూ అయిదు నిమిషాలు నోరు మూసుకోని ఆ ఇల్లాలు పదిహేను నిమిషాలు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, “ఫరవాలేదు మేనమామ” అని మాత్రం అంది.

కానీ రెండు నెలలయ్యేసరికి టైలరు ముఖంలో ఏదో వెలితి కనబడింది. ఒక పొద్దున మలుపు తిరిగి కారు ఆపి కొట్లోకి వచ్చి, కుర్చీలో ఉన్న మాస్టారుతో అన్నాడు, “అన్నీ బావున్నాయి మాస్టారూ. చేతికి బావుంది, కాలికి బావుంది. ఆ శబ్దం మాత్రం దొరకట్లేదు. లోపల కూచుంటే ఇంజను వినబడుతుంది గానీ, కారు వినబడదు. పందొమ్మిదేళ్ళు విన్నది కొన్న రోజు నుంచే పోయింది.”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. “నా సంగతి దీనికి తలకిందులు. పందొమ్మిదేళ్ళు నడిపాను, ఇది బయటికి ఇలా పలుకుతుందని నీ కుర్చీలో కూచున్నాకే తెలిసింది. మొదటి రోజు వింటే ఎవరి కారో అనుకున్నాను. ఎంత బావుందో అనుకున్నాను.”

గుండీ కుడుతున్న భార్య దారం కొరికి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే అనుమానించాలని టైలరుకి అప్పుడైనా తట్టాల్సింది.

ఆ తర్వాత నుంచి కారు సీటు రోజూ బెత్తెడు ముందుకి జరిగి ఉండేది. తన కాళ్ళు పెరుగుతున్నాయనుకుని టైలరు రెండు ప్యాంట్ల అంచులు దింపి కుట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక తను కునుకు తీసే వేళకి భార్య దారాల కోసమని పై వీధికి ఎందుకు వెళుతోందో, అన్ని దారాలు ఎవరికి కావాలో కూడా అడగలేదు.

ఒక గురువారం పొద్దున ఇన్‌స్పెక్టరు గారు కొత్త యూనిఫారానికి వచ్చారు. ఛాతీ కొలతకి చేతులు ఎత్తారు. ఎనిమిదీ పది కావస్తోందని టైలరు తాళం కోసం మేకు వైపు చెయ్యి చాపితే మేకు ఖాళీగా ఉంది. రెండో మిషను దగ్గర భార్య లేదు. ఆవిడ చెప్పులు మాత్రం మిషను కింద పక్కపక్కనే ఉన్నాయి.

“కూచోవయ్యా” అన్నాడు మాస్టారు కుర్చీలోంచి. “ఇద్దరికొచ్చిందన్నాను కదా. నిన్ను కలిపితే ముగ్గురు. ఇప్పుడు నాలుగో మనిషిని విను.”

పై వీధి నుంచి ఇంజను దిగి వస్తోంది. మూడో గేరు. గొంతు నిండుగా ఉంది. మంగలి కత్తి ఆపాడు. టైలరు ఇన్‌స్పెక్టరు గారి ఛాతీ చుట్టూ టేపు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

‘హుఁమ్.’

నీలం కారు తల ఊపకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

“నాకంటే వెంట్రుకవాసి ముందే పడింది మాస్టారూ” అన్నాడు టైలరు.

“కాజాలు కుట్టే కాలు కదయ్యా. అంతకన్నా సన్నపని ఏముంది?”

అంతలో పై వీధి నుంచి మళ్ళీ అదే ఇంజను వినబడింది. మళ్ళీ మలుపులో ‘హుఁమ్’. మంగలి రోడ్డు మీదికి పరుగెత్తాడు. “ఏంటక్కా, నువ్వూ దారి తప్పావా?”

“ఏమయ్యా” అన్నాడు ఇన్‌స్పెక్టరు, “దించొచ్చా చేతులు?”

“ఇంకా నాలుగు చుట్లున్నాయి సార్” అన్నాడు టైలరు కళ్ళు తెరవకుండానే. “అలాగే ఉండండి.”